ముక్కుకీ, చెవి పైభాగానికీ కుట్టించాలి: ఎవరి దగ్గర, ఏ లోహంతో, తర్వాత ఏం చేయాలి?

హన్మకొండ_వదిన | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. మా ఆడబిడ్డ కూతురు మా ఇంట్లోనే ఉండి ఇంటర్ సెకండియర్ బైపీసీ చదువుతోంది. సంక్రాంతి సెలవుల్లో ముక్కు కుట్టించుకుంటానని పట్టు పట్టింది. పనిలో పనిగా చెవి పైభాగంలో ఇంకో రంధ్రం కూడా కావాలట.

ఇంట్లో తలా ఒక మాట. మా అత్తమ్మ "అవుసులాయన (కంసాలి) దగ్గరికి తీసుకుపో, మనందరికీ వాళ్ల నాయనే కుట్టిండు" అంటోంది. పిల్లేమో చౌరస్తా దగ్గర పార్లర్‌లో గన్‌తో కొట్టించుకుంటే రెండు సెకన్ల పని అంటోంది. ఆన్‌లైన్‌లో "సర్జికల్ స్టీల్" అని రాసి ఉన్న పన్నెండు పుడకల ప్యాకెట్ ఇప్పటికే తెప్పించి పెట్టుకుంది కూడా.

నా భయం వేరే ఉంది. కిందటేడు ఒక పెళ్లికి వన్ గ్రామ్ గోల్డ్ బుట్టలు పెట్టుకుంటే దాని చెవి తమ్మెలు ఎర్రగా పొంగి రసి కారాయి. అలాంటి పిల్లకి ముక్కులో ఏం వేయాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

కాజీపేట_జంక్షన్ | శనివారం రాత్రి 9:40

ఇంత టెన్షన్ ఎందుకమ్మా. మా ఇద్దరు ఆడపిల్లలకూ గన్‌తోనే కొట్టించాం. ఏడ్చే లోపల అయిపోయింది. ఏమీ కాలేదు.

సూది_మాత్రమే | శనివారం రాత్రి 10:25

అన్నా, మీ పిల్లలకు కుట్టించింది చెవి తమ్మెకు కదా? ఇక్కడ అడుగుతున్నది ముక్కు, చెవి పైభాగం. తేడా అక్కడే ఉంది.

నేను హన్మకొండలో ఇదే పని చేస్తాను. ప్రచారం అనుకుంటారు కాబట్టి షాపు పేరు చెప్పను. గన్‌లో సూది ఉండదు. పుడక మొననే స్ప్రింగు బలంతో చర్మంలోంచి అవతలికి తోస్తారు. ఆ మొనకు సూదికున్న పదును ఉండదు, అది కండను చీల్చుకుంటూ, నలుపుకుంటూ పోతుంది. తమ్మె మెత్తటి కండ కాబట్టి ఓర్చుకుంటుంది. చెవి పైభాగంలో ఉండేది మృదులాస్థి. దానికి సొంత రక్తనాళాలు ఉండవు, మీద ఉన్న పొర నుంచే తిండి అందాలి. అలాంటి చోట నలిగితే మానడం ఆలస్యం, చీము పడితే మందు చేరడం ఇంకా ఆలస్యం.

రెండో సంగతి శుభ్రత. మామూలు గన్ ఒళ్లంతా ప్లాస్టిక్. ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో 121 డిగ్రీల ఆవిరి పట్టే యంత్రంలో పెడితే కరిగిపోతుంది. అందుకే స్పిరిట్ దూదితో తుడిచి తర్వాతి మనిషికి వాడతారు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో వారం దాకా బతికే ఉంటుంది, ఆ మరక కంటికి కనిపించాల్సిన పని కూడా లేదు. ఇప్పుడు కొన్నిచోట్ల పుడకతో పాటు ముందు భాగం మొత్తం మార్చే రకం వచ్చింది. అది శుభ్రత విషయంలో మేలే, కానీ తోసే పద్ధతి మాత్రం అదే.

మూడోది ఎవరూ చెప్పరు. గన్ పుడకల కాడ పొట్టిగా ఉంటుంది. కుట్టిన మర్నాడు వాపు వస్తే వెనక శీల కండలోకి నొక్కుకుపోతుంది. మేమైతే మొదట కాస్త పొడవాటి కాడ వేసి, వాపు తగ్గాక, అంటే నెలా రెండు నెలలకు, పొట్టిది మారుస్తాం.

ఎక్కడికి వెళ్లినా మీరు చూడాల్సింది ఇది. సూది ప్యాకెట్ మీ కళ్లముందే విప్పాలి. కుట్టేవాళ్లు చేతులు కడుక్కుని కొత్త గ్లవ్స్ వేసుకోవాలి. మధ్యలో ఫోన్ పట్టుకుంటే ఆ గ్లవ్స్ మార్చాలి. పనిముట్లు సీల్ చేసిన కవర్లో ఉండాలి, కవర్ మీది సూచిక గీత రంగు మారి ఉండాలి, ఆవిరి పట్టారనడానికి అదే గుర్తు. ఇవి అడిగితే విసుక్కునేవాళ్ల దగ్గర కుర్చీలో కూర్చోవద్దు.

అవుసుల_పని | ఆదివారం ఉదయం 7:05

కరీంనగర్ నుంచి రాస్తున్నాను. మూడు తరాలుగా మాది ఇదే పని, కాబట్టి మా వైపు మాట కూడా వినండి.

మేం కుట్టే పద్ధతిలో సూది వేరు, నగ వేరు అని ఉండదు. సన్నటి 22 క్యారెట్ తీగ మొనను సాన పట్టి, దానితోనే గుచ్చి, దాన్నే వంచి రింగు చుట్టేస్తాం. పిల్లను మేనమామ ఒడిలో కూర్చోబెట్టుకుంటాడు. తమ్మెను వేళ్లతో సాగదీసి కిటికీ వెలుగుకు పెడితే లోపలి సన్నటి నరాలు ఎర్రగా కనబడతాయి. వాటిని తప్పించి చుక్క పెడతాం. ఎండ వెలుగులో చోటు చూసి కుట్టాలని సుశ్రుతుడి కాలంలోనే చెప్పారంటారు, మాకైతే తాతలే చెప్పారు.

ఎవరి తీగ వాళ్లకే. ఒకరి రక్తం ఇంకొకరికి అంటదు. అయితే పట్టుకారు మాత్రం అందరికీ ఒకటే, అది ఒప్పుకోవాలి. నేను ఇప్పుడు గ్లవ్స్ వాడుతున్నాను, పట్టుకారు కూడా తగలకుండా చూసుకుంటున్నాను. అందరూ అలా చేస్తారని చెప్పలేను.

చెవి పైభాగం మాత్రం నేను కుట్టను. ఎవరు అడిగినా వెనక్కి పంపిస్తాను.

ఇంకో మాట. అందరూ రాయి చూసి కొంటారు, కాడ చూడరు. ఒంట్లో ఉండేది కాడే కదా. కొత్త రంధ్రానికి మర కమ్మ అస్సలు వేయొద్దు. కాడ మీద చుట్టూ ఉన్న మర గీతలు పచ్చి పుండును గీరుతాయి, ఆ గీతల్లోనే రసి ఎండి పేరుకుంటుంది. నున్నటి తీగ గానీ, నున్నటి కాడ గానీ ఉండాలి.

సూది_మాత్రమే | ఆదివారం ఉదయం 8:30

కాడ గురించి అన్న చెప్పింది వంద శాతం నిజం. మా దగ్గర కూడా మర లోపలి వైపు ఉండే రకం గానీ, అసలు మరే లేకుండా నొక్కితే పట్టుకునే రకం గానీ వాడతాం. బయటి వైపు మర ఉన్న చౌక రకాలే ఆన్‌లైన్ ప్యాకెట్లలో ఎక్కువగా వస్తాయి. వెనక వైపు సీతాకోకచిలుక శీల కంటే చదునైన బిళ్ల ఉన్నది మేలు, జుట్టు చిక్కుకోదు, మురికి దాగదు.

హన్మకొండ_వదిన | ఆదివారం ఉదయం 9:15

మరి ఆ పన్నెండు పుడకల ప్యాకెట్ సంగతేంటి? "సర్జికల్" అని రాసి ఉంది కదా, ఆపరేషన్లలో వాడేదే అయి ఉంటుందనుకుంటున్నాం.

చర్మం_సంగతులు | ఆదివారం ఉదయం 11:50

నేను చర్మ వైద్యం చేస్తాను. ఇక్కడ మందు పేర్లు రాయను, చూడకుండా చెప్పడం సరికాదు. లోహం గురించి మాత్రం చెప్తాను.

"సర్జికల్ స్టీల్" అనేది ఒక లోహం పేరు కాదు, అమ్ముకునే పేరు. ఎవరైనా దేని మీదైనా రాసుకోవచ్చు. ఎక్కువగా వాడే 316ఎల్ స్టీల్‌లోనే నికెల్ 10 నుంచి 14 శాతం దాకా ఉంటుంది. ఒంట్లో పెట్టడానికి తయారయ్యే స్టీల్‌కు ఏఎస్‌టీఎం ఎఫ్138 అనే ప్రమాణం ఉంది. అందులో కూడా నికెల్ ఉంటుంది, కాకపోతే గట్టిగా బంధించి ఉంటుంది కాబట్టి చాలామందికి పడుతుంది. ఇదివరకే దురద, రసి వచ్చిన పిల్లకు ఆ ప్రయోగం అక్కర్లేదు.

మీరు చెప్పిన లక్షణాలు నికెల్ అలర్జీకి సరిగ్గా సరిపోతున్నాయి. ప్యాచ్ టెస్ట్ (అనుమానం ఉన్న పదార్థాన్ని పట్టీతో చర్మానికి అంటించి చూసే పరీక్ష) చేస్తే ఖాయంగా తెలుస్తుంది. జీన్స్ బొత్తాం తగిలే చోట బొడ్డు కింద నల్లగా, గరుకుగా అవుతోందా, గడియారం బకిల్ కింద దద్దుర్లు వస్తాయా అని పిల్లను అడగండి. అలర్జీ ఒకసారి మొదలైతే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. చాలామందికి అది మొదలయ్యేది కూడా కొత్తగా కుట్టిన రంధ్రంలో వేసిన చౌక నగతోనే. అందుకే యూరప్‌లో కుట్టిన రంధ్రాల్లో వేసే నగల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోగ్రాములకు మించి నికెల్ బయటికి రాకూడదని చట్టం పెట్టుకున్నారు.

వన్ గ్రామ్ గోల్డ్ అంటే పైన పలచటి బంగారు పూత. లోపల ఇత్తడో రాగో ఉంటుంది, పూత నిలవడానికి మధ్యలో నికెల్ పొర కూడా వేస్తుంటారు. పూత అరిగేది కాడ దగ్గరే, రాపిడి అక్కడే ఎక్కువ కదా. పైకి మాత్రం ధగధగలాడుతూనే ఉంటుంది.

వెండి కూడా పచ్చి రంధ్రానికి పనికిరాదు. తడికి నల్లబడుతుంది, ఒక్కోసారి చర్మంలోనే నల్లటి మచ్చ దిగిపోతుంది. తెల్ల బంగారం కొనేటప్పుడు తెలుపు ఎందుకొచ్చిందని అడగండి, కొన్నిట్లో నికెల్ కలుపుతారు, కొన్నిట్లో పల్లాడియం.

అవుసుల_పని | ఆదివారం మధ్యాహ్నం 12:20

వెండి అంటే గుర్తొచ్చింది. మా ఊరి ఫిలిగ్రీ కమ్మలు ఎంత ముచ్చటగా ఉన్నా అవి మానిన చెవికే. కొత్త చెవికి పెడితే ఆ తీగల అల్లికలో ఇరుక్కున్న రసిని ఏ దేవుడూ కడగలేడు.

జమ్మికుంట_ఫిట్టర్ | ఆదివారం మధ్యాహ్నం 1:02

లోహం కనిపెట్టడం ఎంతసేపు. అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే మంచిది.

సూది_మాత్రమే | ఆదివారం మధ్యాహ్నం 1:30

అన్నా, 316 స్టీల్ కూడా అయస్కాంతానికి అంటదు. ఇత్తడీ అంటదు, రాగీ అంటదు. అంటుకుంటే పారేయొచ్చు, నిజమే. అంటుకోనంత మాత్రాన మంచిదని మాత్రం కాదు.

మీ పిల్లకు నేను చెప్పేది టైటానియం. అదీ ఊరికే "టైటానియం" అని కాదు, ఒంట్లో ఇంప్లాంట్లకు వాడే రకం, ఏఎస్‌టీఎం ఎఫ్136. అమ్మేవాళ్ల దగ్గర ఆ లోహం తయారైన మిల్లు ఇచ్చిన సర్టిఫికెట్ ఉంటుంది, చూపించమనండి. చేతిలో పెట్టుకుంటే తేలికగా ఉంటుంది, అదే సైజు స్టీల్ బరువులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. రంగులు కావాలన్నా ఇబ్బంది లేదు. కరెంటుతో దాని పై పొర మందాన్ని మార్చితే ఊదా, నీలం, బంగారు రంగు వస్తాయి, పెయింట్ కాదు కాబట్టి ఊడిరాదు. నలుపు మాత్రం అలా రాదు. నల్ల టైటానియం అని అమ్మేది వేరే పూత వేసింది.

నియోబియం కూడా మంచిదే, మన దగ్గర దొరకడం కష్టం.

జమ్మికుంట_ఫిట్టర్ | ఆదివారం మధ్యాహ్నం 1:41

సరే తమ్మీ, అయస్కాంతం వెనక్కి తీసుకుంటున్నా. టైటానియం అంటే మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో మిధాని వాళ్లు చేసేదే కదా, రాకెట్లకు పోయేది. ముక్కుకు కూడా అదేనా!

చర్మం_సంగతులు | ఆదివారం మధ్యాహ్నం 2:10

కుటుంబం అదే. మిధానిలో మోకాలు, తుంటి ఇంప్లాంట్లకు కావలసిన టైటానియం కూడా చేస్తారు. ఎఫ్136లో టైటానియంతో పాటు 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం ఉంటాయి. ఎముకలో ఏళ్ల తరబడి పెట్టినా ఒళ్లు ఊరుకునే లోహం కాబట్టి ముక్కులో కూడా ఊరుకుంటుంది.

హన్మకొండ_వదిన | ఆదివారం రాత్రి 8:45

ఇంట్లో ఈ మాట చెప్తే అత్తమ్మకు కోపం వచ్చింది. "ఆడపిల్ల ముక్కుకు బంగారం కాకుండ ఇనుము పెడతవా" అంటోంది. హాల్‌మార్క్ ఉన్న 22 క్యారెట్ పుడక వేస్తే సరిపోదా?

అవుసుల_పని | ఆదివారం రాత్రి 9:30

చాలామందికి సరిపోతుంది. కానీ హాల్‌మార్క్ దేనికి హామీ ఇస్తుందో తెలుసుకుని కొనండి.

దేశంలో హాల్‌మార్క్ తప్పనిసరి అయింది 2021 జూన్ 16 నుంచి, జిల్లాల వారీగా. 2023 ఏప్రిల్ 1 నుంచి అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ (నగ గుర్తింపు నంబర్) లేకుండా అమ్మకూడదు. ఆ నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. అయితే 2 గ్రాముల లోపు వస్తువులకు ఈ నిబంధన వర్తించదు. ముక్కు పుడక అర గ్రాము కూడా తూగదు. కాబట్టి పుడక మీద ముద్ర లేదని గొడవ పడి లాభం లేదు, ఉందని మురిసిపోవడమూ కాదు. అక్కడ మీరు నమ్మేది మనిషినే.

ఇంకోటి, 916 అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం. మిగతా 84 పాళ్లు ఏమిటో ఆ ముద్ర చెప్పదు. మేం మామూలుగా రాగి, వెండి కలుపుతాం. అతుకు దగ్గర ఏం వాడారన్నది ఇంకో లెక్క. పాతకాలం కేడీఎం అతుకులో కాడ్మియం ఉండేది. అమ్మమ్మల పెట్టెలోని పాత పుడక సెంటిమెంటుకు తీసి కొత్త ముక్కుకు పెట్టేవాళ్లు ఉన్నారు. మానిన తర్వాత పెట్టుకోమనండి.

చర్మం_సంగతులు | ఆదివారం రాత్రి 9:52

22 క్యారెట్ మెత్తగా ఉంటుంది, కాడ మీద గీతలు త్వరగా పడతాయి. 14, 18 క్యారెట్లు గట్టివి. నికెల్ కలపలేదని చేసినవాళ్లు చెప్పగలిగితే అవి కూడా మంచివే. అత్తమ్మగారికి నా సలహా: మొదట టైటానియం, మానాక బంగారం. పుడక మీద రాయి ఎలాగూ కనబడుతుంది, లోపలి కాడ ఏదో చుట్టాలు చూడరు.

నీట్_రెండోసారి | ఆదివారం రాత్రి 10:15

వదినా, అసలు విషయం ఎవరూ అడగలేదు. బైపీసీ అన్నారు. పిల్ల నీట్ రాస్తుందా?

రాస్తే సంక్రాంతికి కుట్టించకండి! పరీక్ష హాల్లోకి ముక్కు పుడక, కమ్మలు, ఉంగరం, గొలుసు ఏవీ రానివ్వరు, గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ పెట్టి చూస్తారు. నీట్ మే మొదటి వారంలో ఉంటుంది. మా సెంటర్ బయట ఒక అమ్మాయి ముక్కు పుడక రాక ఏడుస్తుంటే వాళ్లమ్మ సబ్బు తెచ్చి తిప్పుతోంది. లోపల బయాలజీ, బయట ఈ తంటా.

సూది_మాత్రమే | ఆదివారం రాత్రి 10:31

ఈ ఒక్క పోస్ట్ కోసమైనా ఈ చర్చ మొదలుపెట్టినందుకు థ్యాంక్స్ చెప్పాలి. ముక్కు లోపల మానడానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. జనవరిలో కుట్టి మేలో తీస్తే, పరీక్ష రాసి వచ్చేసరికే లోపలి వైపు ముడుచుకుపోవచ్చు. గాజు, ప్లాస్టిక్ పుల్లలు దొరుకుతాయి కానీ, గేటు దగ్గర అవి కూడా తీయమంటే వాదించే టైం ఉండదు.

పరీక్ష అయిన మర్నాడు తీసుకురండి.

మంథని_పెద్దమ్మ | సోమవారం ఉదయం 6:20

ఎప్పుడు కుట్టించినా పసుపు, కొబ్బరి నూనె మరువకండ్రి. మా కాలంలో చెవులు కుట్టినంక వేప పుల్ల పెట్టేది. ఈ స్ప్రేలు, సీసాలు ఎవరికి తెలుసు. మా అందరి చెవులు మంచిగనే ఉన్నయి.

నైట్_డ్యూటీ_సిస్టర్ | సోమవారం ఉదయం 8:05

పెద్దమ్మా, మీ చెవులు బాగున్నాయంటే అందులో మీ ఒంటి గొప్పతనం కూడా ఉంది. చెవి చెడి చీము పట్టిన వాళ్ల లెక్క ఆ రోజుల్లో ఎవరూ రాయలేదు. నేను డ్రెస్సింగ్ రూంలో చూసేవి చెప్తాను.

డబ్బాలోంచి తీసిన పసుపు పొడి వంటకు శుభ్రమే కానీ పచ్చి పుండుకు కాదు. దాని నిండా దుమ్ము, సూక్ష్మజీవులు ఉంటాయి. నూనెతో కలిపి పట్టిస్తే రంధ్రం మూతి మూసుకుపోయి లోపల రసి బయటికి రాదు. పైకి పసుపు పక్కు కట్టి ఉంటుంది, గీకితే కింద చీము. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, డెట్టాల్ కూడా వద్దు. అవి క్రిములతో పాటు కొత్తగా పుట్టే కండను కూడా చంపుతాయి. ఆయింట్‌మెంట్ కూడా డాక్టర్ రాస్తే తప్ప వద్దు.

కావలసింది 0.9 శాతం నార్మల్ సెలైన్. అందులో నీళ్లు, ఉప్పు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ముక్కు దిబ్బడకు అమ్మే స్ప్రేలలో కొన్నిట్లో చెడిపోకుండా నిల్వ ఉంచే మందులు కలుపుతారు, లేబుల్ చదివి కొనండి. గాయాలు కడగడానికే వచ్చే స్ప్రే డబ్బా అయితే చివరిదాకా శుభ్రంగా ఉంటుంది. మెడికల్ షాపులో దొరికే 100 మిల్లీలీటర్ల సెలైన్ సీసా చౌక, కానీ మూత తెరిచాక 24 గంటల్లో పారేయాలి. వారం పాటు ఫ్రిజ్‌లో దాచి వాడకండి. ఇంట్లో ఉప్పు కలుపుకుంటే పాళ్లు కుదరవు, ఎక్కువైతే చర్మం ఎండి పగులుతుంది.

రోజుకు రెండుసార్లు. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ముందూ వెనకా స్ప్రే చేసి, పక్కు నానాక డ్రెస్సింగ్‌కు వాడే గాజ్ గుడ్డతో మెల్లగా అద్ది ఆరనివ్వాలి. దూది వద్దు, పోగులు కాడకు చుట్టుకుంటాయి. స్నానాల టవల్ కూడా వద్దు.

పుడకను తిప్పకూడదు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. "తిప్పకపోతే అతుక్కుపోతుంది" అని ఇంటింటా ఒక పెద్దమనిషి ఉంటారు. కాడ మీద ఎండిన పక్కును లోపలికి లాగి పచ్చి కండను కోయడమే అవుతుంది అది.

మంథని_పెద్దమ్మ | సోమవారం ఉదయం 8:40

ఇంటింటా ఉన్న ఆ పెద్దమనిషిని నేనే బిడ్డా. తిప్పమని చెప్పను ఇగ.

పరకాల_పిల్ల | సోమవారం మధ్యాహ్నం 3:10

నాకు చెవి పైన కుట్టించాక వెనక వైపు చిన్న గడ్డ లేచింది. ఎర్రగా, తడిగా ఉంది. అందరూ కీలాయిడ్ అని భయపెడుతున్నారు. ఇన్‌స్టాలో ఆస్ప్రిన్ నూరి పెట్టమంటున్నారు, టీ ట్రీ ఆయిల్ అంటున్నారు. ఏం చేయాలి?

చర్మం_సంగతులు | సోమవారం మధ్యాహ్నం 3:55

ఆస్ప్రిన్ అస్సలు పెట్టకండి, చర్మం కాలుతుంది. టీ ట్రీ ఆయిల్ కూడా మండించేదే.

రంధ్రం పక్కనే, మొదటి కొన్ని నెలల్లో, మెత్తగా ఎర్రగా లేచేది ఎక్కువసార్లు రాపిడి వల్ల వచ్చే గడ్డ. కారణం తీసేస్తే దానంతట అదే తగ్గుతుంది. కీలాయిడ్ అలా కాదు. కుట్టిన చాలా నెలలకు కూడా మొదలవ్వచ్చు. గట్టిగా ఉంటుంది, పుండు హద్దు దాటి చుట్టూ పెరుగుతూ పోతుంది, దురద పెడుతుంది, తానుగా తగ్గదు. చామనఛాయ, నల్లటి చర్మం ఉన్న మనలాంటి వాళ్లలో ఎక్కువ, కొన్ని కుటుంబాల్లో ఇంకా ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా టీకా మచ్చ దగ్గరో ఆపరేషన్ కుట్టు దగ్గరో అలా పెరిగి ఉంటే చెవి పైభాగం జోలికి పోకపోవడమే మంచిది. దానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కొన్ని వారాలకోసారి గడ్డలోకే ఇస్తాం. కోసి తీసేస్తే చాలనుకోకండి, కోత ఒక్కటే చేస్తే మళ్లీ పెరిగే అవకాశం ఎక్కువ.

మీరు ఏ వైపు పడుకుంటారు? హెల్మెట్ పెడతారా?

పరకాల_పిల్ల | సోమవారం సాయంత్రం 5:20

రోజూ స్కూటీ మీద వరంగల్ వస్తాను. హెల్మెట్, దాని కింద ముఖానికి చున్నీ. పడుకునేది కూడా అదే వైపు 🙈

సూది_మాత్రమే | సోమవారం సాయంత్రం 6:00

దొరికింది దొంగ. హెల్మెట్ మానేయమని ఎవరూ చెప్పరు. తీసేటప్పుడు రెండు చేతులతో పట్టీలను బయటికి సాగదీసి పైకి తీయండి, చెవిని రాసుకుంటూ లాగొద్దు. చున్నీని చెవి పైనుంచి బిగించకుండా మెత్తటి నూలుది వదులుగా కట్టండి, రోజూ ఉతకండి. రెండో వైపు పడుకోండి, లేదా ప్రయాణాల్లో మెడకు పెట్టుకునే మధ్యలో ఖాళీ ఉన్న దిండు పెట్టుకుని చెవిని ఆ ఖాళీలో ఉంచండి. పొడవు కాడ ఇంకా మార్చకపోతే అది కూడా ఊగి ఊగి గడ్డ తెస్తుంది, కుట్టినవాళ్ల దగ్గరికి వెళ్లి పొట్టిది వేయించుకోండి. పై భాగం పూర్తిగా మానడానికి 6 నెలల నుంచి ఏడాది. తమ్మెకు 6 నుంచి 8 వారాలు చాలు, అందుకే తమ్మె అనుభవంతో పైభాగాన్ని కొలవకూడదు.

నైట్_డ్యూటీ_సిస్టర్ | సోమవారం రాత్రి 9:10

గడ్డ ఒక ఎత్తు, ఇన్ఫెక్షన్ ఒక ఎత్తు. మొదటి రోజుల్లో కొంచెం వాపు, తెల్లటి రసి, పక్కు సహజం. చెవి పైభాగమంతా ఎర్రబడి, వేడిగా, ముట్టుకోనివ్వనంత నొప్పిగా ఉండి, కింద తమ్మె మాత్రం మామూలుగా ఉంటే ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మృదులాస్థి పొరకు చీము పట్టిందని గుర్తు. తమ్మెలో మృదులాస్థి లేదు కాబట్టి అది మిగిలిపోతుంది. దీనికి తరచుగా కారణమయ్యే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాకు మెడికల్ షాపు అన్న ఇచ్చే మామూలు యాంటీబయాటిక్స్ చాలావరకు పనిచేయవు. ఆలస్యమైతే లోపలి మృదులాస్థి కరిగి చెవి ముడుచుకుపోతుంది.

ఇంకోటి, చీము కనిపించగానే కంగారుపడి పుడక మీరే పీకేయకండి. పై రంధ్రం మూసుకుపోయి చీము లోపలే ఉండిపోవచ్చు. తీయాలా ఉంచాలా అన్నది డాక్టర్ చూసి చెప్తారు.

భూపాలపల్లి_బావ | మంగళవారం ఉదయం 10:30

మేం ఈసారి మేడారం పోతున్నాం. పాపకు అంతకుముందు వారమే చెవులు కుట్టిస్తున్నాం. జంపన్న వాగులో స్నానం చేయించొచ్చా?

నైట్_డ్యూటీ_సిస్టర్ | మంగళవారం ఉదయం 11:15

వద్దు బావగారూ. అన్ని లక్షల మంది మునిగిన నీళ్లు పచ్చి చెవులకు పనికిరావు. చెవులు తడవకుండా తల మీద నాలుగు చుక్కలు చల్లండి, మొక్కు తీరుతుంది. లేదంటే జాతర అయ్యాక కుట్టించండి.

పాప ఎన్ని నెలలది? 6, 10, 14 వారాల టీకాలు అయి ఉంటే మంచిది, వాటిలో ధనుర్వాతానిది కూడా ఉంటుంది. పసిపిల్లలకు మర శీలల కమ్మలు వద్దు. ఊడితే నోట్లో పెట్టుకుంటారు, బిగిస్తే తమ్మెలోకి దిగబడుతుంది.

భూపాలపల్లి_బావ | మంగళవారం ఉదయం 11:22

ఏడు నెలలు. టీకాలు అయినయి. జాతర అయినంకనే కుట్టిస్తం.

హన్మకొండ_వదిన | మంగళవారం రాత్రి 9:00

మా ఇంట్లో తేలిన మాట చెప్తాను. నీట్ అయ్యేదాకా ఏమీ లేదు. మేలో ముక్కు ఒక్కటే, సూదితో, టైటానియం నున్నటి కాడతో. మానాక అత్తమ్మ తన చేత్తో బంగారు పుడక చేయించి ఇస్తుందట, ఆ షరతు మీద ఒప్పుకుంది. చెవి పైభాగం సంగతి కాలేజీలో చేరాక చూద్దామన్నాం, పిల్ల మొహం మాడ్చుకుంది కానీ సరేనంది. ఆ ప్యాకెట్ రిటర్న్ పెట్టేశాం.

కాజీపేట_జంక్షన్ | బుధవారం ఉదయం 7:45

ఇంత చదివాక నేనూ ఒకటి అడుగుతాను. మా అమ్మకు వచ్చే వారం పిత్తాశయం ఆపరేషన్. ముక్కు పుడక తీసి రమ్మన్నారు. పెళ్లయినప్పటి నుంచి అది తీయలేదు, మర బిగుసుకుపోయింది. తీయకపోతే ఏమవుతుంది? తీస్తే రంధ్రం పూడిపోతుందని అమ్మ బాధ.

నైట్_డ్యూటీ_సిస్టర్ | బుధవారం ఉదయం 8:30

తీయాల్సిందే అన్నా. ఆపరేషన్‌లో రక్తనాళాలను కరెంటుతో కాల్చి మూసే పరికరం వాడతారు, ఒంటి మీద లోహం ఉంటే అక్కడ కాలే ప్రమాదం ఉంది. మత్తు ఇచ్చేటప్పుడు ముక్కు, నోటి దగ్గరే పని కాబట్టి ఊడి లోపలికి జారే భయం కూడా ఉంటుంది. అన్నేళ్ల నాటి రంధ్రం మామూలుగా కొద్ది రోజులకే పూడదు, అమ్మకు ధైర్యం చెప్పండి. ఆపరేషన్ రోజు పొద్దున పీకుదామనుకోకండి, ముక్కు వాస్తుంది. నాలుగు రోజుల ముందే తీయించండి.

అవుసుల_పని | బుధవారం ఉదయం 9:10

ఇంట్లో పక్కడ్‌తో తిప్పొద్దు, కాడ లోపల విరుగుతుంది. దగ్గర్లో తెలిసిన అవుసులాయన ఉంటే ఆయన దగ్గరికి, లేకపోతే మా దగ్గరికి తీసుకురండి. సబ్బు నీళ్లు పట్టించి చూస్తాను. మర కదలకపోతే వెనక కాడ కత్తిరించి తీస్తాను. పుడకకు కొత్త కాడ అతికించడం పెద్ద పని కాదు, ఆపరేషన్ అయి ఇంటికి వచ్చేలోపు తయారుగా ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక రండి, దుకాణం ఖాళీగా ఉంటుంది.